మీ కథలో మనిషి ఏం పని చేస్తాడు?

ఆదివారం అనుబంధాలకి వచ్చే కథల్లో మనుషులు పని చెయ్యరు. బాధపడతారు, పాత రోజులు గుర్తు చేసుకుంటారు, కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తారు, అమెరికా నుంచి ఫోనొస్తే కళ్లు తుడుచుకుంటారు. పొద్దున లేచి ఎక్కడికి వెళ్తారో, నెల తిరిగేసరికి చేతికెంత వస్తుందో, అందులో కిరాణా కొట్టుకెంత, చీటీపాటకెంత పోతుందో మాత్రం రచయిత చెప్పడు. ఒక దినపత్రికలో కథలు చూసే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే అనగలను. రిటైరయ్యాక కాలేజీల వాళ్లు కథా కార్యశాలలకి పిలుస్తుంటే వెళ్తున్నాను. అక్కడా అంతే. "మేడమ్, ఇతివృత్తం ఎలా దొరుకుతుంది?" అన్నది పిల్లలు మొట్టమొదట అడిగే ప్రశ్న. మీ పాత్ర జీతమెంతో ముందు చెప్పండి, ఇతివృత్తం సంగతి తరవాత చూద్దాం అంటాను. నవ్వుతారు. వేళాకోళం ఆడుతున్నాననుకుంటారు కాబోలు.

విశాఖపట్నంలో ఒక కార్యశాలకి వచ్చిన కుర్రాడు ఆదిలాబాద్ పత్తి రైతు ఆత్మహత్య మీద కథ రాసుకొచ్చాడు. వాక్యం శుభ్రంగా ఉంది. చదువుతుంటే అతని గొంతు కూడా వణికింది. కానీ ఆ కథలో రైతు సంక్రాంతి వెళ్లాక, వానాధారం మీద, పత్తి గింజ పెట్టాడు. అక్కడి నల్లరేగడిలో పత్తి పెట్టేది తొలకరికి, జూన్‌లో. సంక్రాంతికల్లా పత్తి ఏరడం చివరికొస్తుంది. ఆదిలాబాద్‌లో ఆ కథ చదివే రైతు అక్కడితో పేపరు మడిచి పక్కన పెట్టేస్తాడు. గింజ ఏ నెలలో పెడతారో కనుక్కోని రచయిత, ఆ రైతు ఏ రోజున, ఎవరి ముందు, ఏ మాటకి విరిగిపోయాడో మాత్రం ఎలా కనుక్కుంటాడు? అందుకే ఆ కథలో అప్పు ఉంది గానీ ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి, దేనికోసం తెచ్చాడన్నది లేదు. అప్పుల ఊబి అని రాసి ఊరుకున్నాడు.

అతనికి మార్కెట్ యార్డు సంగతి చెప్పాను. పత్తిలో తేమ 8 శాతం ఉంటే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది. అక్కడినుంచి తేమ పెరిగినకొద్దీ ధర కోస్తారు. 12 దాటితే కొననే కొనరు. రైతు కిరాయి బండిలో సరుకు తెచ్చి వరసలో పెడతాడు. రాత్రి మంచు పడుతుంది, కప్పిన టార్పాలిన్ చాలదు. పొద్దున ఒకతను చిన్న మీటరు పట్టుకొచ్చి పత్తిలో గుచ్చి అంకె చూస్తాడు. ప్రైవేటు వ్యాపారి తాలూకు మనిషి కూడా పక్కనే నిలబడి ఉంటాడు, ఆ అంకె కోసమే. సరుకు వెనక్కి తీసుకెళ్తే మళ్లీ కిరాయి. ఆరబోద్దామంటే చోటు లేదు. విత్తనాలూ పురుగుమందులూ అరువిచ్చిన దుకాణదారు సాయంత్రం ఇంటికొస్తానని కబురు పెట్టాడు. ఇక ఇతివృత్తం కోసం వేరే చోట వెతకాలా? మీటరు పట్టుకున్నవాడికీ పత్తి తెచ్చినవాడికీ మధ్య ఆ రెండు నిమిషాల్లో ఏం మాటలు నడిచాయో రాస్తే కథ సగం అయిపోయినట్టే. ఏడుపు అక్కర్లేదు.

ఆ కుర్రాడు సాయంత్రాలు బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తాడని తరవాత తెలిసింది. అయితే నీ బతుకే రాసుకోవచ్చు కదా అని పక్కనున్న లెక్చరర్ గారు అన్నారు. తెలిసిందే రాయమనడం అందరూ ఇచ్చే సలహా. నేను ఇవ్వను. ఆ లెక్కన మేష్టార్లు మేష్టార్ల కథలూ, గుమాస్తాలు గుమాస్తాల కథలూ రాసుకుంటూ కూర్చోవాలి. అతను పత్తి రైతు కథే రాయాలి, మనసు అటు పోయింది కాబట్టి. ఇన్సెంటివ్ అందుకోవాలంటే రాత్రి ఎన్ని ఆర్డర్లు పూర్తి కావాలో, ఏ అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎక్కనివ్వరో, ఆర్డరు రద్దయితే ఆ పొట్లం ఎవరు తింటారో అతనికి ఎంత క్షుణ్ణంగా తెలుసో, పత్తి యార్డు గురించి కూడా అంత తెలుసుకుని రాస్తే చాలు.

మన పెద్ద కథకులు ఈ పని చేసినవాళ్లే. కాళీపట్నం రామారావు (కారా) గారు విశాఖలో లెక్కల మేష్టారు. ఆయన 'యజ్ఞం' 1960ల్లో వచ్చింది. అప్పట్నించీ దాని ముగింపు మీద జరిగిన చర్చకి అంతులేదు. కొత్తగా రాసేవాళ్లని నేను ముగింపు కాసేపు పక్కన పెట్టి నడిమి భాగం చదవమంటాను. పంచాయతీలో ఒక అప్పు తగువు నడుస్తుంటుంది. ఊరు బాగుపడుతున్నకొద్దీ అప్పల్రాముడి కుటుంబం ఎలా చితికిందో, అప్పు ఎలా పెరిగిందో, న్యాయం చెప్పే పెద్దమనిషి ఎంత మంచివాడైనా ఆ న్యాయం ఎటు మొగ్గుతుందో మేష్టారు తాపీగా, ఒక్క మెట్టూ దాటకుండా చెప్పుకొస్తారు. ఆ లెక్క అంతా ముందు మన చేతిలో పెట్టారు కాబట్టే చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన పని నమ్మక తప్పదు. ఆ లెక్క తీసేస్తే అది పేపర్లో వచ్చే నేరవార్త.

రావిశాస్త్రి గారు వకీలు. 'ఆరు సారా కథలు' మద్యనిషేధం నాటివి. సారా ఎవరు అమ్ముతారు, కేసు ఎవరిమీద పడుతుంది, ఎవరు మామూళ్లు తింటారు, కోర్టులో పేదవాడి పక్కన నిలబడ్డ ప్లీడరు ఏం చేయగలడు, ఏం చేయలేడు, ఇవి తెలియకుండా 'మాయ'లో ముత్యాలమ్మ నోరు విప్పదు. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని అందరికీ తెలుసు. అందులో రైలు పెట్టెలో అడుక్కునే ఆవిడని మళ్లీ చూడండి. అడుక్కోవడం ఆవిడకి వృత్తి. ఎవరి దగ్గర ఎలా మాట్లాడాలో ఆవిడకి తెలుసు. అదే పెట్టెలో ప్రయాణిస్తున్న రావుగారి నీతి సూత్రాలు ఆవిడ నేర్పు ముందు తేలిపోవడం తుఫాను రాకముందే మొదలవుతుంది. అల్లం రాజయ్య కథల్లోకి వెళ్తే పల్లె కూలీ, బొగ్గుబాయి కార్మికుడు. కష్టజీవి అన్న ఒక్క మాటతో ఆయన సరిపెట్టడు, ఆ కష్టం ఏమిటో చూపిస్తాడు.

చాసో గారి కథలన్నీ ఒక్క సంపుటంలో ఇమిడిపోతాయి. 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదవండి. డబ్బు లేక బడి మాన్పించిన తండ్రి కొడుకుని చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి ఉంటుంది. ఆ కథ బరువంతా చుట్టల డబ్బుకీ బడి డబ్బుకీ మధ్య ఉంది. పేదరికం మీద ఉపన్యాసం లేదు. నా బల్ల మీదికి వచ్చిన బీద పిల్లవాడి కథల్లో ఈ తూకం ఉన్నవి అరుదు. వాటిలో పిల్లవాడి కళ్లనిండా నీళ్లే.

ఒకమ్మాయి అడిగింది, "మా అమ్మ గురించి రాస్తున్నాను మేడమ్, ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, ఆవిడకి పనేమిటి, జీతమేమిటి?" అని. పనంటే ఆఫీసే అని ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో! 14.2 కిలోల గ్యాసు సిలిండరు వాళ్లింట్లో ఎన్నాళ్లొస్తుందో కనుక్కురమ్మన్నాను. మర్నాడు వచ్చి చెప్పింది: మామూలుగా నెలన్నర వస్తుంది, మేనత్త వచ్చి ఉన్న నెలలో ముందే అయిపోతుంది, ఆ నెలలో అమ్మ రాత్రిపూట తను అన్నం వేడి చేసుకోదు. డ్వాక్రా వాయిదా కట్టాల్సిన వారంలో పాలు తగ్గించి పోయిస్తుంది, నాన్నకి మాత్రం టీ చిక్కగానే ఇస్తుంది. ఇవన్నీ తను పుట్టినప్పట్నించీ చూస్తున్నవే. రాసుకొచ్చిన కథలో మాత్రం అమ్మ ఓర్పుకి భూదేవి, ఇంటికి దీపం. భూదేవిని కొట్టేసి సిలిండరు ఉంచమన్నాను.

తెలుగు కథలన్నిటిలోకీ ఎక్కువగా చీవాట్లు తినేవాడు అమెరికా కొడుకు. తండ్రి మంచాన పడితే రాడు, డాలర్లు పంపుతాడు, వృద్ధాశ్రమంలో చేరుస్తాడు. పోటీ ప్రకటించిన ప్రతిసారీ ఈ కథ కట్టలుగా వచ్చేది. ఆ కొడుకు ఏ వీసా మీదున్నాడని ఏ రచయితా అడగలేదు. హెచ్‌1బీ మీదున్నవాడి ఉద్యోగం ఊడితే ఇంకో కంపెనీ వెతుక్కోడానికి 60 రోజులు గడువు. ఈలోపు దొరక్కపోతే చాలామందికి పెట్టేబేడా సర్దుకోవడమే. పిల్ల అక్కడే బడిలో ఉంది, ఇంటి అప్పు సగం తీరలేదు, తండ్రికి ఇక్కడ పక్షవాతం వచ్చింది. ఇండియా వస్తే వీసా స్టాంపింగ్ అయి తిరిగి వెళ్లగలడో లేదో తెలియదు. నలభయ్యో రోజున చెల్లెలు ఫోన్ చేసి "అన్నయ్యా, నాన్న నిన్నే అడుగుతున్నారు" అంది. వాడు "వచ్చేవారం చూస్తానమ్మా" అన్నాడు. ఉద్యోగం పోయిందని చెప్పలేదు. ఇదే కొడుకు, ఇదే తండ్రి. ఇప్పుడు వాణ్ణి తిట్టడానికి రచయితకి అంత సులువుగా నోరు రాదు. పాఠకుడికీ రాదు. కథ అంటే నాకు అదీ.

పని గురించి తెలుసుకోవడం ఎలా? అడగడమే. మనవాళ్లకి కష్టం చెప్పుకోడానికి మొహమాటం గానీ, పని గురించి అడిగితే గంటలు గంటలు మాట్లాడతారు. మీ బాధలేమిటండీ అని మొదలుపెడితే ఎవరూ పలకరు, పలికినా పేపరు భాషలో పలుకుతారు. ఎన్నింటికి మొదలుపెడతారు, ఇందులో చెయ్యి తిరగడానికి ఎన్నాళ్లు పట్టింది, డబ్బు ఏ రోజు ఇస్తారు, ఆ రోజు ఇవ్వకపోతే ఎవర్ని అడుగుతారు, తూకంలో ఎవరు మోసం చేస్తారు. ఈ చివరి ప్రశ్నకి ముఖం మారుతుంది. మీక్కావలసింది అక్కడ మొదలవుతుంది.

నేను పలాస పక్కన కాశీబుగ్గలో పుట్టాను. అక్కడ జీడి పని తెలియని ఇల్లు తక్కువ. పిక్క కొట్టేచోట జీడి సొన తగిలితే చర్మం పొక్కిపోతుంది, చేతులకి నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. పప్పు మీద పొట్టు తీసేటప్పుడు గుండు గుండుగా రావాలి. బద్ద అయితే ధర తగ్గుతుంది, ముక్క అయితే మరీను. మేస్త్రీ గుండు ఎంత, ముక్క ఎంత అని చూసి మరీ మాట్లాడతాడు. చూపు తగ్గుతున్న ఆడమనిషి ఆ సంగతి దాచుకుని పొట్టు తీస్తోందనుకోండి. ఆవిడ పక్కన ముక్క పెరుగుతోంది. పక్కన కూర్చున్న వదినగారు చూసింది. ఆ రెండో ఆవిడ ఏం చేస్తుందన్నదే కథ. పలాస పేరు ఎత్తకపోయినా, ఇది మరో ఊళ్లో జరగదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని నేలకూల్చాక చాలా కథలు వచ్చాయి. అన్నిట్లోనూ గాలి హోరు బాగా రాశారు. నేను వెతికింది ఆ తరవాతి సంగతి. కొబ్బరి మొక్క పెట్టాక కాయ చూడాలంటే ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అరవై దాటిన మనిషి పడిపోయిన చెట్ల మధ్య కొత్త మొక్క నాటాలా, కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోయి వాచ్‌మన్ గదిలో సర్దుకోవాలా? పరిహారానికి చెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన ఉద్యోగి ఎవరి పేరు రాసుకున్నాడు, భూమి యజమానిదా, తోట కౌలుకి తీసుకున్నవాడిదా? గాలి ఒక రాత్రి వీచింది. ఈ తగువులు ఏళ్ల తరబడి నడిచాయి.

ఇదంతా విని కొందరు రెండో కొసకి పోతారు. తెలుసుకున్నదంతా కథలో కుమ్మరిస్తారు. జీడి పరిశ్రమ మీద నివేదిక తయారవుతుంది. ముప్పై సంగతులు తెలుసుకుని మూడు వాడండి. తక్కిన ఇరవయ్యేడూ వృథా కావు. అవి తెలిసిన రచయిత వాక్యం కంగారు పడదు, చదివేవాడికి అది తెలిసిపోతుంది.

పాత్ర మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి, పనితో పాటే మాట వస్తుంది కాబట్టి. నామిని రాసిన చిత్తూరు పల్లె మాట, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు ముస్లిం ఇళ్ల మాట చూసి ఉత్సాహపడి ఇప్పుడు అందరూ యాసలో రాస్తున్నారు. మంచిదే. కానీ చాలామంది యాస సినిమాలోంచి వస్తోంది. శ్రీకాకుళం మనిషి ప్రతి వాక్యానికీ 'ఏటి' అని, తెలంగాణ మనిషి ప్రతి వాక్యానికీ 'గిట్ల' అని ఊతపదంలా వాడరు. కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చేటప్పుడు ఒక మాట, ఇంట్లో పెళ్లాంతో ఒక మాట, అప్పిచ్చినవాడితో ఇంకో మాట. ఒకే మనిషి రోజులో మూడు నాలుగు రకాలుగా మాట్లాడతాడు. మీ చెవికి పట్టుబడని యాస జోలికి పోకండి. మామూలు మాటలో రాసినా ఎవరూ తప్పుపట్టరు.

మొదలూ ముగింపూ గురించి పెద్దగా చెప్పేది లేదు. అలారం మోగడంతో, సూర్యుడు కిరణాలు ప్రసరించడంతో మొదలయ్యే పేజీని చింపెయ్యండి, కథ రెండో పేజీలో మొదలవుతుందని మీకే తెలుస్తుంది. ఆఖరి పేరాలో ఎవరికైనా కనువిప్పు కలిగితే అది కూడా కొట్టెయ్యండి. పైకి చదవండి, ఇంట్లోవాళ్లు పిచ్చనుకున్నా సరే. నాలిక తడబడిన చోట వాక్యం బాగాలేదన్నమాట. కొన్నాళ్లు సొరుగులో పెట్టి మళ్లీ చూడండి. ఇంతకన్నా వివరంగా కావాలంటే కారా మేష్టారే 'కథాకథనం' అని కొత్త రచయితల కోసం పుస్తకం రాశారు. ఆయన 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. పాత పత్రికల్లోని కథలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. కార్యశాలలో చేతులెత్తమంటే, ఆ సైటు తెరిచి చూసినవాళ్లు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. రాద్దామనుకుంటూ చదవని వాళ్ల మీద నాకు జాలి లేదు.

పత్రికకి పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి, సొంత రచనేనని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేసి, ఒకేచోటికి పంపండి. ఒకే కథ రెండు పేపర్లలో ఒకే ఆదివారం అచ్చయితే ఆ రచయిత పేరు రెండు ఆఫీసుల్లోనూ గుర్తుండిపోతుంది, మంచిగా కాదు. జవాబు రాకపోవడం మామూలే. తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు పెట్టే రోజుల్లో కనీసం కథ వెనక్కి వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. ఇది పత్రికల తప్పే. రెండు వాక్యాల తిరస్కరణ పంపడానికి ఎవరికీ తీరిక లేనంత పని ఆ డెస్కుల్లో ఉండదు, నేను చూశాను కదా.

నాలుగు కథలు అచ్చయ్యాయని సంపుటం వేసెయ్యకండి. సొంత డబ్బుతో ఐదువందల కాపీలు వేయించి, శాలువాలు కప్పించుకుని, మిగిలిన పుస్తకాలు మంచం కింద దాచుకున్న ఇళ్లు నేను చాలా చూశాను. ఆ డబ్బుతో సింగరేణి వెళ్లి వారం రోజులు ఉండి రావచ్చు, వేటపాలెం మగ్గాలు చూసి రావచ్చు. ఉద్యోగం మాత్రం మానకండి. కారా గారు బడి మానలేదు, రావిశాస్త్రి గారు కోర్టు మానలేదు, కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ'లోనే పనిచేశారు. మన భాషలో కథ కూడు పెట్టదు. కథకి సరుకు దొరికేది కూడా ఆ ఉద్యోగంలోనే.

సరే, మొదలెక్కడ అంటారా? మీ వీధి చివర ఇస్త్రీ బండి ఉంటుంది. ఈ ఆదివారం వెళ్లండి. జతకి ఎంత, బొగ్గులు ఎక్కడ కొంటాడు, వానాకాలంలో ఏం చేస్తాడు, చొక్కా కాలితే ఎవరు కట్టాలి, అపార్ట్‌మెంటు వాళ్లు బండి పెట్టుకోడానికి నెలకి ఏమైనా తీసుకుంటారా, పెట్టె బరువుకి భుజం ఏ వయసులో పట్టేసింది. అతని భార్య పక్కన మడతలు పెడుతుంటే ఆవిణ్ణి కూడా అడగండి, ఆవిడ చెప్పే లెక్క వేరుగా ఉంటుంది. పుస్తకం, పెన్నూ బయటికి తియ్యకండి. ఫోన్లో రికార్డు చెయ్యకండి. ఇంటికొచ్చి గుర్తున్నంత రాసుకోండి. వెళ్లేటప్పుడు నాలుగు జతలు పట్టుకెళ్లండి, ఊరికే నిలబడి ప్రశ్నలడిగితే ఆయన పని చెడుతుంది.